గాజులు జారిన చేయి

మా పెద్దమ్మను కిందటేడు హనుమకొండలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. కాలికి షుగర్ పుండు. రక్త పరీక్షలు, ఎక్స్‌రే, స్కాన్ అన్నీ అయ్యాయి. తూకం మాత్రం నాలుగో రోజు దాకా ఎవరూ వేయలేదు. సెలైన్ సూది కోసం చేయి పైకెత్తితే గాజులు మోచేతి దాకా జారాయి. "మస్తు బక్కగైంది సార్" అంది మా వదిన. ఆ మాట కేస్ షీట్‌లోకి ఎక్కలేదు.

ఎక్కాల్సిన మాటే అది. రోగికి పోషణ లోపం ముప్పు ఎంతుందో తేల్చడానికి బ్రిటన్‌లో 2003లో వచ్చిన 'మస్ట్' అనే పద్ధతిలో చూసేవి మూడే. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) ఎంత, మూడు నుంచి ఆరు నెలల్లో బరువెంత తగ్గింది, జబ్బు వల్ల ఐదు రోజులకు మించి తిండి ఆగిందా లేక ఆగేలా ఉందా. వాటికి పాయింట్లు వేసి కూడితే 2 గానీ అంతకు మించి గానీ వస్తే ముప్పు ఎక్కువున్నట్టే. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వరంగల్ వచ్చేవాళ్లలో కొందరు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చూపించుకుని, తగ్గకపోతేనే బస్సెక్కుతారు. అప్పటికే ఎన్ని రోజులుగా గంజి మీద ఉన్నారో అడిగితే కదా తెలిసేది.

పెద్దమ్మ లెక్క చూడండి. ఐదు నెలల నాటి డాక్టరు చీటీ మీద 64 కిలోలు, ఇప్పుడు 57. ఎత్తు 150 సెంటీమీటర్లు. బీఎంఐ 25 దాటింది కాబట్టి చూసేవాళ్లకు కాస్త లావుగానే కనిపిస్తుంది. కానీ పోయిన 7 కిలోలు పాత బరువులో దాదాపు 11 శాతం. పది శాతం దాటితే ఆ ఒక్కదానికే 2 పాయింట్లు!

ఉత్త ఉపవాసంలో ఒళ్లు కొన్నాళ్లకు కొవ్వు మీద ఆధారపడి కండను పొదుపు చేసుకుంటుంది. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ పొదుపు సాగదు, కండ కరుగుతూనే ఉంటుంది. పైన కొవ్వు ఉండటంతో అది కంటికి ఆనదు. ఒకప్పుడు రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు చూసి పోషణ తేల్చేవారు. వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే తిండితో సంబంధం లేకుండానే అది పడిపోతుందని తేలాక ఆ నమ్మకం సడలింది.

పక్క మంచం ఆయన ఏమీ తినడం లేదంటే, "గ్లూకోజ్ ఎక్కుతోంది కదా, బలమొస్తది" అన్నారు వాళ్లింటివాళ్లు. 5 శాతం గ్లూకోజ్ అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. వంద కేలరీలు కూడా రావు. ఒక కోడిగుడ్డులో దాదాపు అన్నే కేలరీలు, పైగా 6 గ్రాముల మాంసకృత్తులు. ఆ గుడ్డేమో పత్యంలో వేడి, పప్పు తింటే చీము! పుండు మానడానికి కావలసినవే పుండు పేరు చెప్పి మాన్పిస్తాం. డాక్టర్లదీ తప్పుంది. పరీక్షల కోసం పస్తులుంచి, రోజుల తరబడి సెలైన్ మీద నెట్టుకొస్తూ రోగులను వైద్యులమైన మనమే చిక్కిపోయేలా చేస్తున్నామని చార్లెస్ బటర్‌వర్త్ అనే అమెరికన్ వైద్యుడు 1974లోనే రాశాడు. అయితే చాన్నాళ్లు తిననివాళ్లకు ఒక్కసారిగా దండిగా పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె లయ తప్పొచ్చు. వైద్యుల కనుసన్నల్లో మెల్లగా పెంచాలి.

మరి తూకానికి లేచి నిలబడలేనివాళ్ల సంగతో? భుజానికీ మోచేతికీ నడుమ టేపు చుట్టి చూస్తారు. 23.5 సెంటీమీటర్లకు తగ్గితే బీఎంఐ 20 లోపే ఉండొచ్చు. జాకెట్ చేతుల కోసం దర్జీ కొలిచేదీ ఇంచుమించు అక్కడే.