కుక్క గాయానికి పసుపు, తేనె: అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, రోజూ పసుపు రాస్తూనే ఉన్నాం, అయినా మానట్లేదు." ఈ మాట తరచూ వింటుంటాను. గాయం లోపల ఏముందో చూడకుండా పైపైన పూయడం వల్లే అలా జరుగుతుంది.

అపోహ: పసుపు చల్లితే చీము ఆరిపోతుంది.

వాస్తవం: పసుపులోని కర్క్యుమిన్‌కి క్రిముల్ని అణిచే గుణం ఉన్న మాట నిజమే. కానీ అది నీటిలో దాదాపు కరగదు. చల్లిన పొడి తడికి గట్టి పెచ్చు కట్టి, చీము బయటికొచ్చే దారిని మూసేస్తుంది. మెడ మీద ఇంకో కుక్క కరిచిన ఒక కుక్కని నా దగ్గరికి తెచ్చారు. పైకి శనగగింజంత పసుప్పచ్చ పెచ్చు, అంతే. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, గోరువెచ్చని సెలైన్‌తో నానబెట్టి పెచ్చు తీయగానే చిక్కటి చీము పొంగుకొచ్చింది. ప్రోబ్ (గాయం లోతు చూసే సన్నటి కడ్డీ) పెడితే నాలుగు వేళ్ల వెడల్పు లోపలికి పోయింది. కోరపన్ను చర్మానికి చేసేది చిన్న రంధ్రమే. కానీ పట్టి విదిలించినప్పుడు చర్మం కండ నుంచి విడిపోయి, లోపల సంచిలా ఏర్పడుతుంది. పైన చల్లిన పసుపు అక్కడిదాకా వెళ్లదు. పైగా ఆ రంగులో ఎరుపూ, నలుపూ కనపడక గాయాన్ని అంచనా వేయడం నాకే కష్టమవుతుంది.

అపోహ: తేనె ఉత్త చిట్కా, వైద్యం కాదు.

వాస్తవం: నేను వాడతాను. ఆ కుక్కకీ చీమంతా తీసి, కడిగాక వాడింది తేనే. అందులోని చక్కెర క్రిములకు నీరు అందకుండా లాగేస్తుంది, ఆమ్లగుణం వాటిని పెరగనివ్వదు, గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని తయారుచేస్తుంది. అయితే గామా కిరణాలతో శుద్ధి చేసిన మెడికల్ గ్రేడ్ తేనే వాడాలి. మామూలు తేనెలో క్లాస్ట్రీడియం అనే బాక్టీరియా స్పోర్లు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు) ఉండొచ్చు. కాచితే అవి చావవు, ఎంజైమ్ మాత్రం పాడైపోతుంది. గాజ్ మీద మందంగా పరిచి కట్టు కట్టాలి. మొదట్లో రోజూ మార్చాలి, తడిసిపోతే ఇంకా ముందే.

అపోహ: సహజమైనది ఏదైనా హాని చేయదు.

వాస్తవం: టీ ట్రీ ఆయిల్ చర్మం గుండా ఒంట్లోకి ఇంకిపోతుంది. కుక్క తూలుతుంది, వణుకుతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి. దయచేసి వాడకండి. పురుగులు పడ్డ గాయంలో నూనెలు పోసి వదిలేయడం కూడా తప్పే, చచ్చిన పురుగులు లోపలే ఉండిపోతాయి. ఒక్కొక్కటీ ఏరి తీయాల్సిందే.

అపోహ: నాకితే అదే మానుతుంది.

వాస్తవం: నాలుక రాపిడికి కొత్తగా వచ్చే కండ చెదిరిపోతుంది, నోటిలోని క్రిములు గాయంలో చేరతాయి. నాకకుండా మెడకి కోన్ (గరాటులాంటి పట్టీ) వేయండి, కుక్క చూసే చూపుకి జాలిపడి తీసేయకండి.

ఇంట్లో మీరు చేయగలిగింది కడగడం. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి ధారగా పోయండి. ఛాతీ, పొట్ట, కీలు, కన్ను దగ్గర గాయమైనా, కుక్క తిండి మానేసినా, వాపు పెరుగుతున్నా, దుర్వాసన వస్తున్నా ఏమీ రాయకుండా శుభ్రమైన తడి గుడ్డ కప్పి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.