అస్తిత్వవాదంలో ‘నేను’ ఎక్కడుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాను. అస్తిత్వవాదం (మనిషి ఉనికినీ ఎంపికనీ కేంద్రంగా పెట్టుకున్న తాత్విక ధోరణి) మొదలుపెట్టే రోజు, ఈ పేరు వింటే ఏం గుర్తొస్తుందో చెప్పమని ముందు పిల్లల్నే అడుగుతాను. సిగరెట్టు, నిరాశ, దేవుడు లేడు... ఇలా సాగుతుంది. ఎవరో ఒకరు తప్పకుండా ‘నీలోని అసలు నిన్ను కనుక్కో’ అంటారు. సిగరెట్టు సంగతి నిజమే, ఈ వాదానికి పెద్ద పేరైన ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ తెగ కాల్చేవాడు. పేచీ అంతా ఆ చివరి మాటతోనే.

అపోహ: మన లోపల అసలైన ‘నేను’ దాగి ఉంది. దాన్ని వెతికి పట్టుకోమనేదే అస్తిత్వవాదం.

వాస్తవం: సార్త్ర్ చెప్పింది దీనికి దాదాపు తలకిందులు. అహం, అంటే ఈ ‘నేను’, చైతన్యంలో (మన ఎరుకలో) కాపురం ఉండదు, మిగతా వస్తువుల్లాగే బయట లోకంలో ఉంటుంది అన్నది 1930ల మధ్యలో ఆయన రాసిన ఒక వ్యాసం సారాంశం.

వినడానికి వింతగా ఉంటుంది కానీ, ఒకసారి గమనించండి. తాళంచెవి కనబడటం లేదు, బయలుదేరాల్సిన టైమ్ దాటిపోతోంది. అప్పుడు మీ ఎరుకలో ఏముంటుంది? సొరుగు, చొక్కా జేబు, దిండు కింద, మళ్ళీ అదే సొరుగు. ‘నేను వెతుకుతున్నాను’ అన్న ఆలోచన ఉండదు. పక్కగదిలోంచి ఎవరైనా ‘ఏం చేస్తున్నావ్?’ అని అడిగితే, ‘తాళంచెవి వెతుకుతున్నా’ అంటారు. ‘నేను’ వచ్చి కూర్చునేది అప్పుడు, పని సగమయ్యాక వచ్చిన యజమానిలా. సార్త్ర్ ఇచ్చిన ఉదాహరణలో మనిషి ట్రామ్ వెనక పరిగెడుతుంటాడు. అతని ఎరుకలో ఉన్నదల్లా అందుకోవాల్సిన ఆ ట్రామే.

అలాగని వెతికే మనిషి మైకంలో లేడు. అడగ్గానే తడుముకోకుండా చెప్పాడంటే, ఏం చేస్తున్నాడో తెలుస్తూనే ఉందన్నమాట. క్లాసులో దీన్ని ‘నేను అనుకోకముందటి ఎరుక’ అంటాను. (‘నేను’ అనకుండానే తెలుగు వాక్యం నడుస్తుంది కదా, మన భాషే సాక్ష్యం అన్నాడొక విద్యార్థి. బాగుంది కానీ, ‘వెతుకుతున్నాను’ చివర ‘ను’ అనే తోక ఉంది. మరీ మురిసిపోనక్కర్లేదు.)

మరి ‘నేను’ అబద్ధమా? కాదు. వెనక్కి తిరిగి చూసుకుని కూడగట్టుకున్నది. ఇవాళ ఒకర్ని చూస్తే ఒళ్ళు మండింది. ఆ మంటలో అనుమానం లేదు. ‘వాడంటే నాకు పగ’ అన్నారంటే మాత్రం నిన్నటి గురించీ రేపటి గురించీ కూడా మాటిచ్చేసినట్టే. ఆ పగ ఉందో లేదో రేపు తేలుతుంది. ‘నేను’ ఇలాంటి మాటల మూట. ‘సెల్ఫ్’ అన్నదాన్ని ‘ఆత్మ’ అని తెలుగు చెయ్యడం ఈ అపోహకు సగం కారణం. ఆ మాట వినగానే పుట్టకముందు నుంచీ లోపల ఉన్నదేదో మనసులో మెదులుతుంది. అందుకే వాక్యం వికారంగా వచ్చినా ‘నేను’ అనే రాస్తాను.

అపోహ: చైతన్యం తలలో ఉండే ఒక గది. అందులో ఏమీ లేకపోతే శూన్యం.

వాస్తవం: చైతన్యం ఎప్పుడూ దేని గురించో అయి ఉంటుందన్న మాటను 1874లో బ్రెంటానో అనే తత్వవేత్త ముందుకు తెచ్చాడు. ఆయన శిష్యుడు హుస్సెర్ల్ దాన్ని పెంచాడు, సార్త్ర్ కొసదాకా లాగాడు. గదీ లేదు, గోడలూ లేవు, ఉన్నదల్లా బయటికి పోవడమే. ఇందాకటి సొరుగులో పెన్నులున్నాయి, బిల్లులున్నాయి, పాత బ్యాటరీలున్నాయి. మీకు కనబడింది మాత్రం ‘తాళంచెవి లేదు’ అన్నదే. సొరుగుకి ఆ ‘లేదు’ తెలియదు, వెతికేవాడు తెచ్చిపెట్టాడు. 1943లో వచ్చిన సార్త్ర్ పెద్ద పుస్తకం పేరులో ఉన్న ‘శూన్యం’ ఈ జాతిది. ‘బతుకంతా శూన్యం’ అనే నిట్టూర్పుకీ దానికీ చుట్టరికం లేదు.

అపోహ: ఆత్మవంచన అంటే పైకి ఒకటి, లోపల ఒకటి.

వాస్తవం: చాలా ఏళ్ళు నేనే ఇలా తప్పు చెప్పాను. సార్త్ర్ పుస్తకంలో ఒక కఫే వెయిటర్ ఉంటాడు. నడక కాస్త ఎక్కువ చురుకు, వంగడం కాస్త ఎక్కువ వినయం. వెయిటర్‌గా ఉండటమనే ఆట ఆడుతున్నాడు. ‘చూశారా, నటిస్తున్నాడు’ అని చెప్పి ముగించేవాణ్ని. ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి, ‘మరి మీరు లెక్చరర్‌లా చెయ్యట్లేదా సార్? ఆ సుద్దముక్క ఎగరెయ్యడం, అద్దాలు తీసి తుడుచుకోవడం?’ అంది. క్లాసంతా నవ్వారు. నాకు మాట రాలేదు.

ఆ రాత్రి ఆ పేజీలు మళ్ళీ చదివాను. విషయం నటన కాదు. సిరాబుడ్డి సిరాబుడ్డి అయి ఉన్నట్టుగా ఏ మనిషీ వెయిటర్ అయి ఉండలేడు. ఉద్యోగాన్ని ఎవరైనా ఆడాల్సిందే. ఇంకో గత్యంతరం లేదన్నట్టు ఆ వేషంలో గడ్డకట్టుకుపోవడమే వంచన. దీనికి రెండో ముఖం కూడా ఉంది. ‘నా తత్వమే అంత, కోపం ఆపుకోలేను’ అని నిజాయితీగా ఒప్పుకునేవాడిదీ ఇదే దారి. ఒప్పుకోవడంతోనే తనని ఒక వస్తువుగా చేసి పక్కన పెట్టేశాడు. అబద్ధమాడేవాడికి నిజం తెలుసు, ఎదుటివాడి దగ్గర దాస్తాడు. ఇక్కడ దాచేవాడూ మోసపోయేవాడూ ఒకడే. అందుకే ఈ ముడి అంత సులువుగా విడిపోదు.

అపోహ: మనిషి స్వేచ్ఛాజీవి కాబట్టి ఏదైనా అయిపోవచ్చు.

వాస్తవం: పుట్టుక, శరీరం, గడిచిన కాలం మనం ఎంచుకున్నవి కావు. అవి లేవన్నట్టు బతకడం కూడా ఆత్మవంచన లెక్కలోకే వస్తుంది. వాటితో ఏం చేస్తామన్నది మాత్రం మన మీదే పడుతుంది. పోస్టర్ల మీద రాసే ‘నువ్వు ఏదైనా సాధించగలవు’ వేరే సరుకు.

అపోహ: ‘ఎదుటివాళ్ళే నరకం’ అని సార్త్ర్ అన్నాడు కాబట్టి ఒంటరిగా ఉంటేనే మనం మనం.

వాస్తవం: ఆ మాట 1944లో తొలిసారి ఆడిన ఆయన నాటకంలోది. ఇతరులతో సంబంధం ఎప్పుడూ విషమేనని తన ఉద్దేశం కాదని, సంబంధాలు చెడిపోయినప్పుడే ఎదుటివాళ్ళు నరకమవుతారని సార్త్ర్ తర్వాత తానే వివరణ ఇచ్చుకున్నాడు. సార్త్ర్ పెద్ద పుస్తకంలోనే తాళంరంధ్రంలోంచి తొంగిచూసేవాడు ఒకడు ఉంటాడు. వాడి ఎరుకంతా లోపలి దృశ్యమే. వెనక అడుగుల చప్పుడైంది. ఒక్కసారిగా మొహం వేడెక్కుతుంది, వాడు ‘తొంగిచూసేవాడు’ అయిపోయాడు. ఒంటరిగా ఎంతసేపున్నా ఆ ‘నేను’ దొరికేది కాదు.

అపోహ: అస్తిత్వవాదులంతా ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నారు.

వాస్తవం: 1849లోనే డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ ‘నేను’ అంటే తనతో తాను పెట్టుకునే సంబంధం అన్నాడు, అదీ దేవుడి ఎదుట నిలబెట్టి. జర్మన్ తత్వవేత్త హైడెగ్గర్ 1927 నాటి తన ప్రధాన గ్రంథంలో ‘చైతన్యం’ అనే మాటకే వీలైనంత దూరంగా ఉన్నాడు. తర్వాత సార్త్ర్‌తో తనని కలపొద్దన్నాడు కూడా. సార్త్ర్ సమకాలికుడైన ఫ్రెంచ్ తత్వవేత్త మెర్లో పాంటీకి ఎరుక శరీరానిది. అంధుడి చేతికర్ర అలవాటయ్యాక అతనికి వస్తువుగా తగలదు, స్పర్శ కర్ర కొసకి జరుగుతుంది. పరీక్షలో ‘అస్తిత్వవాదుల ప్రకారం చైతన్యం’ అని ప్రశ్న వస్తే, ఎవరి ప్రకారమో మొదటి లైన్లోనే రాసి కానివ్వమంటాను.