గాలి కొట్టే మోటార్, బరువు తిప్పే మోటార్

సక్షన్ టాయ్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఆడవాళ్ళ సెక్స్ బొమ్మల్ని విప్పి చూస్తే లోపల పీల్చే మెషిన్ అంటూ ఏమీ కనిపించదు. ఒక బుల్లి మోటార్, దానికి తగిలించిన చిన్న కడ్డీ, కడ్డీ చివర పల్చటి పొర, పొర ముందు కొంచెం ఖాళీ, ఆ ఖాళీకి మెత్తటి సిలికాన్ మూతి. అంతే. మోటార్ తిరిగితే కడ్డీ ముందుకీ వెనక్కీ ఆడుతుంది, పొర వెనక్కి వెళ్తే లోపలి గాలి పల్చబడుతుంది, ముందుకొస్తే చిక్కబడుతుంది, సెకనుకి పదుల సార్లు ఇదే తంతు. అంటే ఇందులో పీల్చడం సగమే, మిగతా సగం తోయడం. కంపెనీలు పెట్టె మీద ఎయిర్ పల్స్ అనో ప్రెషర్ వేవ్ అనో రాసుకుంటాయి గానీ జనం నోట్లో సక్షన్ అని పడిపోయింది, ఇక్కడ కూడా అలాగే కానిద్దాం.

ఈ టాపిక్ మీద తెలుగులో ఎవరైనా రాస్తే అది బూతు కథలోకన్నా జారుతుంది, లేదంటే అమ్మకాల ప్రకటన అన్నా అవుతుంది, మధ్యలో ఉన్న ఫిజిక్సునీ బయాలజీనీ ఎవరూ ముట్టుకోరు, నాకేమో ఆసక్తి అంతా అక్కడే. కాబట్టి క్లిటోరిస్‌ని క్లిటోరిస్ అనే అంటాను, అంటే యోని ద్వారానికి పైన ఉండి ఆడవాళ్ళకి లైంగిక సుఖాన్నిచ్చే అవయవం, ఇబ్బందిగా ఉన్నవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

ముందు పాత వైబ్రేటర్ సంగతి. ఫోన్ సైలెంట్‌లో ఉన్నప్పుడు బుర్రుమంటుంది కదా, పాత ఫోన్లలో ఆ పని చేసే మోటార్ రకమే చాలా వైబ్రేటర్లలో ఉంటుంది, కాకపోతే సైజు పెద్దది. మోటార్ ఇరుసుకి అర్ధచంద్రాకారంలో ఒక లోహపు ముక్క, కావాలనే ఒక పక్కకి బరువు పెట్టి బిగిస్తారు. అది గిర్రున తిరిగేటప్పుడు బరువు ఎటుంటే అటు మోటార్‌ని లాగుతుంది, దాంతో చుట్టూ ఉన్న తొడుగు మొత్తం అదురుతుంది. ఇక్కడో చిక్కుంది. స్పీడు రెండింతలు చేస్తే బలం నాలుగింతలు అవుతుంది, కానీ బొమ్మ అటూ ఇటూ కదిలే దూరం మాత్రం దాదాపు అంతే ఉంటుంది, ఎందుకంటే ఆ దూరాన్ని తేల్చేది తిరిగే ముక్క బరువెంత, అది ఇరుసు నుంచి ఎంత పక్కకుంది, మొత్తం బొమ్మ బరువెంత అన్న లెక్క, అందులో స్పీడు ఊసే లేదు. చిన్న బుల్లెట్ వైబ్రేటర్‌లో తిరిగే ముక్క చిటికెడంత ఉంటుంది, అందుకే బటన్ ఎన్నిసార్లు నొక్కినా సన్నగా జుయ్యిమని చర్మం పైపైనే ఆడుతుంది. లోపలికి దిగే బరువైన అదురు కావాలంటే పెద్ద ముక్క కావాలి, పెద్ద మోటార్ కావాలి, దానికి తగ్గ కరెంటూ కావాలి.

ఆ మూడూ ఉన్నది హిటాచీ మ్యాజిక్ వాండ్. 1960ల చివర్లో మెడ నొప్పికీ నడుము నొప్పికీ అని అమ్మిన మసాజర్ అది, గోడకున్న ప్లగ్గుకే పెట్టాలి, రెండే స్పీడులు, నిమిషానికి సుమారు 5000, 6000 చుట్లు, అంటే 83 హెర్ట్జ్, 100 హెర్ట్జ్ (హెర్ట్జ్ అంటే సెకనుకి ఒకసారి, ఈ లెక్కనే ఫ్రీక్వెన్సీ అంటారు). 1970లలో అమెరికాలో బెటీ డాడ్సన్ అనే ఆవిడ ఆడవాళ్ళకి వర్క్‌షాపులు పెట్టి వాడకం నేర్పించాక దాని అసలు పేరుప్రతిష్ఠలు వేరే దారిలో పెరిగాయి. ఇంకా వెనక్కి వెళ్తే విక్టోరియా కాలం డాక్టర్లు హిస్టీరియా పేషెంట్ల మీద వాడటానికే వైబ్రేటర్‌ని కనిపెట్టారు అని ఒక కథ ఇంటర్నెట్ నిండా తిరుగుతుంది, వినడానికి బాగుంటుంది గానీ ఆధారాలు నిలబడలేదు, 2018లో ఇద్దరు పరిశోధకులు దాని మూలాలన్నీ తిరగేసి అదే తేల్చారు. 1880లలో కరెంటు పరికరం తయారుచేసిన మార్టిమర్ గ్రాన్విల్ అనే ఇంగ్లిష్ డాక్టర్ దాన్ని నరాల నొప్పులకీ కండరాల నొప్పులకీ వాడాడు, పైగా ఆడవాళ్ళ మీద వాడకుండా తప్పించుకున్నానని తనే రాసుకున్నాడు.

సరే, అదురు ఒంటికి తగిలాక ఏమవుతుంది? మిక్సీ ఆన్ చేస్తే గట్టు మీదున్న స్టీలు గ్లాసు కూడా గలగలలాడుతుంది చూడండి, వైబ్రేటర్ సంగతీ అంతే, పెట్టిన చోటే ఆగదు, చుట్టుపక్కల చర్మం, ఎముక, పట్టుకున్న చెయ్యి అన్నీ పంచుకుంటాయి. పైగా మెత్తటి కండలో ఫ్రీక్వెన్సీ ఎక్కువైన కొద్దీ అదురు త్వరగా చచ్చిపోతుంది, తక్కువైతే దూరం పోతుంది. ఇక చర్మంలో ఉన్న స్పర్శ సెన్సర్లు ఒక్కోటి ఒక్కో ఫ్రీక్వెన్సీకి పలుకుతాయి. మైస్నర్ అనేవి పైపైన ఉండి పదుల హెర్ట్జ్ దగ్గర బాగా స్పందిస్తాయి, పాసీనియన్ అనేవి లోతుగా ఉండి 200 నుంచి 300 హెర్ట్జ్ దగ్గర. జననాంగాల్లో మాత్రం వీటితోపాటు క్రౌజ్ అనే ఉండలు దండిగా ఉంటాయి, వీటిని 1860 ప్రాంతంలోనే జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్రౌజ్ మైక్రోస్కోపులో చూశాడు, చూశాక నూటయాభై ఏళ్ళకి పైగా అవి అసలు ఏం చేస్తాయో తేల్చినవాళ్ళు లేరు. చివరికి 2024లో హార్వర్డ్‌లో డేవిడ్ గింటీ ల్యాబ్ వాళ్ళు ఎలుకల్లో కొలిచి చెప్పారు, అవి తేలికపాటి అదురుని పట్టుకునే సెన్సర్లనీ, 40 నుంచి 80 హెర్ట్జ్ మధ్య బాగా పలుకుతాయనీ. ఎలుకల లెక్కని నేరుగా మనుషులకి అతికించలేం, కానీ ఆ అంకెల్ని వాండ్ చేసే 83 పక్కన పెట్టి చూస్తే ఊరుకోబుద్ధి కాదు.

క్లిటోరిస్ విషయంలో సైన్సు ఇంత ఆలస్యంగా నడవడం కొత్తేమీ కాదు. బయటికి కనిపించే బొడిపె చాలా చిన్న భాగమే, దాని వెనక కాండం, రెండు కాళ్ళు, యోని ద్వారానికి ఇరుపక్కలా రెండు ఉబ్బెత్తు కండలు, అన్నీ కలిపి 9 నుంచి 11 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దీన్ని 1844లోనే జర్మనీలో కోబెల్ట్ అనే ఆయన చక్కగా బొమ్మలు గీసి చూపించాడు, ఆ తర్వాత డాక్టర్ల పుస్తకాల్లోంచి మెల్లగా మాయమైంది, మళ్ళీ 1998లో ఆస్ట్రేలియా యూరాలజిస్టు హెలెన్ ఓకానెల్ శవాల్ని కోసి చూపిస్తే గానీ చర్చలోకి రాలేదు. నరాల లెక్కా అదే తీరు. 8000 నరాల పోగులు అని అందరూ చెప్పుకునే అంకె పశువుల మీద జరిగిన పరిశోధన నుంచి వచ్చిందే, మనుషుల్లో లెక్కపెట్టింది 2022లో, అమెరికాలోని ఒరెగాన్‌లో బ్లెయిర్ పీటర్స్ బృందం, సగటున 10,281 అని తేలింది. అన్ని నరాలూ వచ్చి చేరేది ఆ బొడిపె దగ్గరికి, అందుకే చాలామందికి దాన్ని నేరుగా గట్టిగా తాకితే సుఖం కన్నా చిర్రెత్తడమే ఎక్కువ.

గాలి బొమ్మ పుట్టుక ఇక్కడికి సరిగ్గా అతుకుతుంది, తాకకుండానే కదిలించాలి అన్నదే దాని ఐడియా. జర్మనీలో బవేరియా ప్రాంతానికి చెందిన మైఖేల్ లెంకే అనే ఆయన, భార్య బ్రిగిటేతో కలిసి, చేపల తొట్టెలో గాలి కొట్టే పంపుతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. 2014లో మార్కెట్లోకి వచ్చింది, పేరు వుమనైజర్, ఇంత మంచి ఐడియాకి అంత చెత్త పేరు ఎవరు పెట్టారో గానీ. 2016లో అదే జర్మనీ నుంచి శాటిస్ఫైయర్ అని తక్కువ ధరలో ఇంకోటి వచ్చింది, దాంతో సామాన్యులకీ అందుబాటులోకి వచ్చింది, వెనకాలే పేటెంట్ కేసులూ వచ్చాయి.

పని చేసే తీరు చూద్దాం. మూతిని క్లిటోరిస్ చుట్టూ ఆనిస్తే అంచు చర్మానికి అతుక్కుంటుంది, లోపల బొడిపెని ఏ గట్టి వస్తువూ తాకదు, గాలి ఒక్కటే. లోపల గాలి బాగా కొంచెమే, కాబట్టి పొర ఇసుమంత కదిలినా ఒత్తిడి మారిపోతుంది, ఖాళీ నూటికి ఒక వంతు పెరిగితే ఒత్తిడి కూడా దాదాపు నూటికి ఒక వంతు తగ్గుతుంది, స్కూల్లో చదివిన బాయిల్ సూత్రమే. అది ఎంత బలం అంటే ఒక చదరపు సెంటీమీటర్ చర్మం మీద సుమారు 10 గ్రాముల బరువు పెట్టినంత. ఒకసారి పైకి లాగడం, ఒకసారి కిందికి నొక్కడం, మళ్ళీ పైకి. వైబ్రేటర్ చర్మాన్ని పక్కలకి రాపిడి పెట్టి ఊపుతుంది, ఇది రాపిడి లేకుండా కండని నిలువుగా ఉబ్బించి దించుతుంది, లాగిన ప్రతిసారీ కాస్త రక్తం కూడా అటు చేరుతుంది. నాకు తెలిసి అసలు తేడా అంతా ఈ దిక్కులోనే ఉంది.

మొత్తం ఆట ఆ అంచు అతుక్కోవడం మీద ఆధారపడి ఉంటుంది. ఆన్ చేసి ఖాళీగా గాల్లో పట్టుకుంటే టపటపమని ఇల్లంతా వినిపిస్తుంది, అదే మూతిని బుగ్గకో ముంజేతికో ఆనించగానే సద్దు సగానికి పైగా పడిపోతుంది, కొద్దిగా వంచితే మళ్ళీ మొదలు. ఆ సద్దు వస్తోందంటే ఒత్తిడి సందులోంచి బయటికి పోతోందని అర్థం, చర్మానికి అందాల్సింది చెవికి అందుతోందన్నమాట. అందుకే కదలకుండా పడుకున్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది, భాగస్వామితో కలిసి ఉన్నప్పుడు మాటిమాటికీ జారిపోయి విసుగు తెప్పిస్తుంది, వైబ్రేటర్‌కి ఆ గొడవే లేదు, అటూ ఇటూగా పెట్టినా అదురు అందుతుంది. ఒక్కొక్కరి బొడిపె సైజు, దాని మీది తొడుగు ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి ఒకరికి అద్భుతం అనిపించిన మూతి ఇంకొకరికి అస్సలు పట్టకపోవచ్చు, రివ్యూలు చదివితే అయిదు స్టార్లూ ఒక స్టారూ పక్కపక్కనే ఉండటానికి ఇదొక కారణం అనుకుంటా.

ఇక ప్రకటనల మాటలు. గాలి తరంగాలు క్లిటోరిస్ లోపలి భాగాలన్నిటికీ చేరతాయి అని కొన్ని కంపెనీలు రాస్తాయి. లోతుకి చేరడమే కొలమానం అయితే, తక్కువ ఫ్రీక్వెన్సీలో బరువుగా అదిరే వాండ్‌ని కాస్త నొక్కి పట్టుకోవడం ఎక్కువ నమ్మదగ్గ దారి, గాలిది పైనున్న బొడిపె దగ్గర చేసే పని, అందులో అది మొనగాడే, లేని గొప్పలు తగిలించడం ఎందుకు? రెండో మాట, వైబ్రేటర్ వాడితే స్పర్శ చచ్చిపోతుంది, మాది వాడితే పోదు అని. ఎక్కువసేపు ఒకే అదురు తగిలితే ఏ చర్మమైనా కాసేపు మొద్దుబారుతుంది, మళ్ళీ తేరుకుంటుంది. 2009లో అమెరికాలో 18 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళు రెండు వేల మందికి పైగా ఉన్న సర్వేలో సగానికి పైగా వైబ్రేటర్ వాడినవాళ్ళే, వాడినవాళ్ళలో 71.5 శాతం మంది తమకి ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదన్నారు.

అసలు బొమ్మలెందుకు అనేవాళ్ళకి ఇంకో అంకె. 2018లో వచ్చిన అమెరికా సర్వేలో కేవలం సంభోగంతోనే భావప్రాప్తి కలుగుతుందని చెప్పిన ఆడవాళ్ళు 18.4 శాతం, క్లిటోరిస్‌ని కదిలించనిదే కుదరదన్నవాళ్ళు 36.6 శాతం. వైద్యంలో కూడా ఈ దారి ఉంది, అచ్చంగా పీల్చే పరికరం ఒకటి, ఈరోస్ అని, 2000లోనే అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి తెచ్చుకుంది, డాక్టర్ చీటీ ఉంటేనే ఇచ్చేవాళ్ళు, చిన్న కప్పు పెట్టి మెల్లగా వాక్యూమ్ చేస్తే రక్తం చేరుతుంది, అంతే పని. దానికీ ఈ గాలి బొమ్మకీ తేడా, అది లాగి పట్టుకుంటుంది, ఇది పట్టుకోదు, ఊపుతుంది.

జాగ్రత్తలు పెద్దగా లేవు గానీ ఉన్నవి ముఖ్యం. పెద్ద లెవెల్‌లో చాలాసేపు ఒకే చోట ఉంచితే కమిలిపోవచ్చు, చిన్న లెవెల్ నుంచి మొదలుపెట్టాలి. నీళ్ళ ఆధారిత జెల్ ఒక చుక్క అంచుకి రాస్తే బాగా అతుక్కుంటుంది, సిలికాన్ జెల్ అయితే సిలికాన్ మూతిని పాడుచేయొచ్చు. మూతి ఊడదీసి లోపల పొర దాకా కడగాలి, తడి అక్కడే నిలుస్తుంది, వైబ్రేటర్‌ని తుడిచినట్టు పైపైన తుడిస్తే చాలదు. గాలి బొమ్మని యోని లోపల పెట్టకూడదు, ముఖ్యంగా గర్భంతో ఉన్నప్పుడు, అది ఉన్న గాలినే ఊపుతుంది తప్ప బయటి గాలిని లోపలికి కొట్టదు, నిజమే, కానీ గర్భిణికి యోనిలోకి గాలి బలంగా వెళ్తే అది రక్తనాళాల్లో చేరే ప్రమాదం ఉంది, అరుదే గానీ ప్రాణాంతకం. పుండు, ఇన్ఫెక్షన్, ఈమధ్యే అయిన ఆపరేషన్ ఉంటే ముందు గైనకాలజిస్టుని అడగాలి.

సెక్స్ బొమ్మల డిజైన్, మెటీరియల్ భద్రత గురించి 2021లో ఐఎస్ఓ 3533 అని మొదటి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, శరీరంలో ఇరుక్కుపోయిన వస్తువుల్ని తీసి తీసి విసిగిన ఒక స్వీడన్ సర్జన్ దానికి పట్టుబట్టాడు. మన దగ్గర వీటిని ఇంట్లో వాడటాన్ని నేరం అనే సెక్షన్ లేదు, అమ్మేవాళ్ళకే అశ్లీలత సెక్షన్ భయం, అందుకే పెట్టె మీద పర్సనల్ మసాజర్ అని ఉంటుంది, 2024లో బాంబే హైకోర్టు కూడా కస్టమ్స్ వాళ్ళు ఆపేసిన బాడీ మసాజర్ల కేసులో అవి నిషిద్ధ వస్తువులు కావనే తేల్చింది. దీనివల్ల కొనేవాళ్ళకి నష్టమేంటంటే, మసాజర్ అనే పేరు చాటున ఏ సమాచారమూ ఇవ్వకుండా తప్పించుకుంటారు. 10 మోడ్‌లు, 12 లెవెల్స్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు, ఎన్ని హెర్ట్జో, ఒత్తిడి ఎంత మారుతుందో, మూతి వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో రాసిన పెట్టె వెతికినా దొరకడం కష్టం, పైగా సీల్ తీస్తే చాలాచోట్ల రిటర్న్ ఉండదు. కాబట్టి కొనేముందు వెడల్పు ఎంతో మెసేజ్ పెట్టి అడగండి, వేరే వేరే సైజు మూతులు రెండు కలిపి ఇచ్చేవి కూడా ఉన్నాయి, లెవెల్స్ రెండు తగ్గినా అవే నయం.