జిజ్ఞాస అంటే

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీర్వదించి రాయునది. మేమంతా ఇక్కడ క్షేమం.

కుతూహలానికీ జిజ్ఞాసకీ తేడా ఏమిటని మీరడిగిన ప్రశ్న నాకెంతో నచ్చింది. తెలుసుకోవాలన్న కోరికకు మనకు చాలా మాటలున్నాయి గానీ ఒకదాని చోట ఇంకొకటి పెడితే కుదరదు. ఎదురింటి అబ్బాయి జీతమెంతో వాకబు చేస్తే అది ఆరా తీయడం. దాచిన సంగతిని వాళ్లనీ వీళ్లనీ అడిగి బయటికి రాబడితే కూపీ లాగడం. ఆఖరి ఓవర్లో ఇంకా ఆరు పరుగులు కావాల్సినప్పుడు మీకు కలిగేది ఉత్కంఠ. మెడ పైకెత్తి చూడటమే ఆ మాటలో ఉన్న అర్థం.

వింతైనది కనబడగానే మనసు అటు లాగితే కుతూహలం. అది వచ్చినంత తొందరగా పోవచ్చు కూడా. జిజ్ఞాస అలా పోదు. సంస్కృతంలో 'జ్ఞా' అంటే తెలుసుకోవడం. ఆ ధాతువును రెట్టించి, కోరికను చెప్పే ప్రత్యయం చేరిస్తే జిజ్ఞాస అయింది. తాగాలన్న కోరిక పిపాస కూడా ఇలా పుట్టిందే. రోగికి శుశ్రూష చేయడం అంటాం చూడండి, దాని మొదటి అర్థం వినాలన్న కోరిక! గురువు చెప్పేది వినాలని దగ్గరే ఉండే శిష్యుడు ఆయనకు సేవ కూడా చేసేవాడు కదా.

జిజ్ఞాస ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1921లో సి.వి.రామన్ ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగి వస్తున్నారు. (చిన్నప్పుడు ఆయన చదువుకున్నది మన విశాఖపట్నంలోనే.) మధ్యధరా సముద్రం ముదురు నీలంగా కనిపించింది. ఆ నీలం ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ అంతటి శాస్త్రవేత్త అప్పటికే చెప్పి ఉన్నారు. రామన్‌కి ఆ జవాబు చాలలేదు. నికాల్ పట్టకంలోంచి (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే స్ఫటికం అది) చూస్తూ నీటి పైనుంచి ప్రతిఫలించే వెలుగును అడ్డుకున్నారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది! నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన తేల్చారు. నీరు ఎరుపును పీల్చుకోవడం కూడా ఆ నీలానికి పెద్ద కారణమని ఇప్పుడు మనకు తెలుసు. ఆయన మాత్రం అక్కడితో ఆగలేదు. కలకత్తాలో శిష్యులతో కలిసి ఏళ్ల తరబడి ఒక్కో ద్రవంలోంచి కాంతిని పంపి చూశారు. చెదిరిన కాంతిలో కొంత రంగు మారి వస్తుందని 1928 ఫిబ్రవరి 28న నిర్ధారించుకున్నారు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. నాకు ఆ బహుమతి కన్నా మధ్యలో గడిచిన ఆ ఏడేళ్లే గొప్పగా అనిపిస్తాయి. జిజ్ఞాస అన్న మాట నేను వాడేది దానికే.

చికిత్స, మీమాంస కూడా ఈ కోవలోని మాటలే. అవి ఏ ధాతువుల నుంచి వచ్చాయో నిఘంటువులో వెతికి నాకు రాయండి.

మీ తాతయ్య