కావలి సెటిల్‌మెంట్ నుంచి రౌడీషీటు దాకా

నెల్లూరు జిల్లాలో ఎన్నికలొచ్చినా, నడిబజారులో కత్తి లేచినా రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిచి కౌన్సెలింగ్ చేస్తారు. వెంటనే పాత తగువు లేస్తుంది: కోర్టు కేసు కొట్టేశాక కూడా షీటు ఎందుకు మూయరు?

ఈ తగువు వేరు బ్రిటిష్ కాలంలో ఉంది. కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులుగా చూసిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంగతి అందరికీ తెలిసిందే. మనకు లెక్కలోకి వచ్చేది 1911 చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీకి అది వర్తించింది అప్పుడే. అంతకుముందు ఎరుకల కుటుంబాలు తీరం ఉప్పును గాడిదల మీద లోపలి ఊళ్లకు చేర్చి ధాన్యం తెచ్చుకునేవి. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి, రైళ్లు వచ్చి, ఆ బేరం దెబ్బతింది. బతుకుతెరువు పోయినవాళ్లే రికార్డుల్లో నేరస్థులయ్యారు. సర్కారు ఒక తెగను ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించకూడదు. ఆపైన పేరు నమోదు, వేలిముద్రలు, గడువు గడువుకూ హాజరు, ఊరు మారితే కబురు. చివరి మెట్టు సెటిల్‌మెంట్, అంటే ఆ కుటుంబాలను కట్టడిలో ఉంచే కాలనీ. కావలిలో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్, స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ నడిపాయి. నేరం రుజువయ్యాక శిక్షించడం కోర్టు పని. నేరం చేయగలవాడెవడో ముందే తేల్చి కట్టడి చేయడం అధికారుల పని అయింది. అసలు మలుపు ఇదే.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో చట్టం రద్దయింది. తర్వాతి అలవాటు నేరస్థుల చట్టాలు తెగను వదిలి, మనిషికి పడిన శిక్షలను చూశాయి. రౌడీషీటుకు శిక్ష పడి ఉండాలనే లేదు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ (శాఖ లోపలి నిబంధన) 601 కింద ఎస్‌డీపీవో, అంటే సబ్‌డివిజన్ పోలీసు అధికారి, ఉత్తర్వుతో తెరుస్తారు. బైండోవర్ (శాంతిగా ఉంటానని బాండు రాయించుకోవడం) అయితే తహసీల్దారు నోటీసిచ్చి విచారిస్తాడు. బాండు గడువు కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 126వ సెక్షన్ కింద ఏడాది, 129 కింద మూడేళ్లు దాటదు. షీటుకు ముందు నోటీసు లేదు, విచారణ లేదు. ఐదేళ్లుగా కొత్త కేసు లేదన్నది మూయడానికి చాలదని స్టాండింగ్ ఆర్డర్ 602 చెబుతుంది. భయంతో బాధితులు ఫిర్యాదుకే రాకపోతే నిఘా వదలలేమన్నది పోలీసుల మాట. ఆ ఆర్డర్‌లోనూ అదే ఉంది.

రాత్రిళ్లు ఇంటికెళ్లి సోదా చేసే నిబంధనను సుప్రీంకోర్టు 1962లోనే కొట్టేసింది. స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదని 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి అన్నారు. అది అప్పీలుకు వెళ్లింది. వెనుకబడిన వర్గాలవారినీ, విముక్త తెగలవారినీ (ఒకప్పటి 'నేరస్థ' తెగలు) యాంత్రికంగా హిస్టరీ షీట్లకు, అంటే పోలీసుల నిఘా రికార్డుకు, ఎక్కించే తీరు మీద 2024లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను హెచ్చరించింది.

మూయించుకోదలచినవారు తీర్పుల సర్టిఫైడ్ నకళ్లతో ఎస్పీకి అర్జీ పెట్టాలి, కాదంటే హైకోర్టులో రిట్ వేయాలి. 'శాంతిభద్రతల దృష్ట్యా' అనే ఒక్క ముక్కతో పొడిగించిన షీట్లు అక్కడ తరచూ నిలవవు.