సిఫార్సు లేఖ చెల్లని చోటు

గత వారం నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. తిరుపతిలోనే పీజీ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. "సార్, దిగులు, నిద్రలేమి ఉన్నవాళ్ల మీద ఏదో అధ్యయనం జరుగుతోంది. నన్నూ చేరమని అడిగారు. ఎవరికి ఏ మాత్ర ఇస్తారో డాక్టరుగారికి కూడా తెలియదట, కంప్యూటర్ లాటరీ తీస్తుందట. నాకు మందులేని ఉత్త మాత్ర వస్తే ఎలా? అసలు మనిషి ఆరోగ్యాన్ని లాటరీలో పెట్టవచ్చా?" అని అడిగింది.

ముప్పై ఏళ్లు గణితం చెప్పాను. ఇంటర్ పిల్లల చేత సంచిలోంచి ఎర్ర బంతులు, నల్ల బంతులు ఎన్ని వేలసార్లు తీయించానో లెక్కలేదు. ఆ లెక్క మీదే మందుల మంచిచెడ్డలు తేలుతాయని మాత్రం ఒక్క తరగతికీ చెప్పలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవడానికి.

లాటరీ అనే మాట ఆ అమ్మాయిని భయపెట్టింది. నేను డిప్ అన్నాను. ఈ ఊరివాళ్లకు ఆ మాట దగ్గరిది. సుప్రభాతం, తోమాల, అర్చన సేవలకు పేర్లు నమోదు చేసుకుంటాం, కంప్యూటర్ డిప్ తీస్తుంది. బ్రేక్ దర్శనానికి సిఫార్సు లేఖ ఇప్పించమని బంధువుల నుంచి ఎన్ని ఫోన్లు వస్తాయో తిరుపతిలో కాపురముండేవారందరికీ తెలుసు. డిప్‌లో ఆ లేఖకు చోటు లేదు. మందుల పరీక్షలో యాదృచ్ఛిక కేటాయింపు అనేది సరిగ్గా ఇదే.

డిప్ లేదనుకుందాం. మంచి మనసున్న డాక్టరు బాగా కుంగిపోయినవాళ్లను చూసి జాలిపడి కొత్త మందు వాళ్లకే రాస్తారు. బరువైన జబ్బంతా ఒకవైపే చేరుతుంది కనుక కొత్త మందు చెడ్డదనిపిస్తుంది. ఇంకో డాక్టరు క్రమం తప్పకుండా వచ్చేవాళ్లకు ఇస్తారు. అప్పుడు అదే మందు అమృతంలా కనిపిస్తుంది. ఇద్దరిలోనూ మోసం లేదు. జాలి కూడా ఒక సిఫార్సు లేఖే.

వయసు, జబ్బు తీవ్రత లాంటివి చూసి చేత్తోనే సమానంగా పంచవచ్చు కదా అనవచ్చు. కనిపించేవాటిని పంచగలం. దిగులు తగ్గడానికీ పెరగడానికీ కారణాలు చాలావరకు కనిపించనివే. గదిలో తోడు ఎవరు, ఇంటి నుంచి డబ్బు వేళకు వస్తోందా, పోయిన ఏడాది ఏ పరీక్ష తప్పారు, రాత్రి ఫోన్ చేసి మాట్లాడే అక్క ఉందా... ఇవన్నీ అడగడం ఎవరి తరమూ కాదు.

ఒక లెక్క చేసి చూద్దాం. అధ్యయనంలో చేరే ప్రతి పదిమందిలో నలుగురికి అలా ఫోన్ చేసే అక్క ఉందనుకోండి. ఆ సంగతి పరిశోధకులు అడగనే లేదు. పదిమందే చేరి, ఐదుగురేసి రెండు జట్లుగా డిప్ తీస్తే 252 రకాలుగా విడిపోవచ్చు. అందులో 12 రకాల్లో ఆ నలుగురూ ఒకే జట్టులో పడతారు. అంటే 21 సార్లకు ఒకసారి. అప్పుడు అక్కలు చేసిన మేలంతా ఆ జట్టుకు ఇచ్చిన మాత్ర ఖాతాలో పడుతుంది. నూరుమంది చేరితే అక్కలున్నవారు 40 మంది, జట్టుకు 20 మంది రావాలి. నూటికి 95 సార్లకు పైగా 15కూ 25కూ మధ్యే వస్తారు. వెయ్యిమంది చేరితే జట్టుకు 200 మంది రావాలి. నూటికి దాదాపు 95 సార్లు 185కూ 215కూ మధ్య ఉంటారు. శాతాల్లో చెప్పుకుంటే, నూరుమందితో 30 నుంచి 50 దాకా ఊగిన ముల్లు వెయ్యిమందితో 37కూ 43కూ మధ్య కుదురుకుంటుంది. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు కూడా రెండు తక్కెడల్లోనూ ఇంచుమించు సమానంగా సర్దుకుంది! అక్క స్థానంలో జన్యువును పెట్టండి, ఇంకా ఎవరూ కనిపెట్టని కారణాన్ని పెట్టండి, లెక్క మారదు. దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

డిప్‌ను కాపాడుకోవడం వేరే విద్య. ఎప్పటికప్పుడు రెండు జట్లూ సరిసమానంగా ఉండాలంటే నలుగురేసి చొప్పున కట్టగా వేసి, ప్రతి కట్టలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు వచ్చేలా చూస్తారు. అలాంటి వరుసలు ఆరు. కానీ కట్ట నాలుగని తెలిస్తే, ముగ్గురి సంగతి చూసి నాలుగోవారు ఎటో చెప్పేయవచ్చు. చెప్పగలిగిన క్షణంలోనే సిఫార్సు మళ్లీ లోపలికి వస్తుంది. అందుకే నాలుగు, ఆరు, ఎనిమిది కట్టలను కలగలిపి, ఆ వరుసను చికిత్స చేసేవారికి అందకుండా దాచిపెడతారు. 1947లో బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించినప్పుడు గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఆ వరుసను సీలు వేసిన కవర్లలో దాచారు. మొత్తం 107 మంది. మందు అందిన 55 మందిలో ఆరు నెలల్లో చనిపోయినవారు 4, విశ్రాంతి మాత్రమే దొరికిన 52 మందిలో 14. అయితే ఆ 52 మందికీ తాము ఒక పరీక్షలో ఉన్నామన్న సంగతే చెప్పలేదు. ఈనాడు అలా చేయడం నేరం.

పోలిక ఇక్కడే తెగిపోతుంది, అదే అసలు సంగతి. కొండ మీద సేవ డిప్‌లో పేరు రానివారికి సేవ దక్కదు. పరీక్షలో ఏ వైపు పడితే దక్కినట్టో డిప్ తీసేనాటికి లోకంలో ఎవరికీ తెలియదు, తెలియకూడదు. ముందే తెలిసి తీస్తే అది పాపం. పనిచేస్తుందని తేలిన చికిత్స ఉంటే కొత్తదాన్ని దానితోనే పోల్చాలి, ఉత్త మాత్రతో పోల్చడానికి చాలా గట్టి కారణం ఉండాలి. మనుషుల మీద జరిపే వైద్య పరిశోధనలకు నీతి నియమాలు చెప్పే హెల్సింకి ప్రకటన, 1964లో పుట్టి, తర్వాత పలుమార్లు దిద్దినది, దాని సారం ఇదే.

మరి ఉత్త మాత్రే వస్తే? దిగులును కొలిచే ప్రశ్నావళి ఒకటుంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. దిగులుకు ఎత్తుపల్లాలుంటాయి, మనిషి ఆస్పత్రి గడప తొక్కేది పల్లంలో ఉన్నప్పుడే. పల్లం తర్వాత ఎక్కువమంది ఎంతో కొంత పైకి ఎక్కడమే. కుంగుబాటు మందుల పరీక్షల్లో ఉత్త మాత్ర వేసుకున్న నూరుమందిలో 35, 40 మందికి దిగులు గణనీయంగా తగ్గుతుంది. అసలు మందుతో తగ్గేది రమారమి 50 మందికి. ఆ రెంటికీ మధ్య తేడాయే మందు సొంత సంపాదన.

తాయెత్తు కట్టించేదీ పల్లంలోనే. కొండకు నడిచి వెళ్లి మొక్కు తీర్చుకోవడాన్ని నేను ఇక్కడ కలపను, అది భక్తి, పరీక్షించే వస్తువు కాదు. కానీ దయ్యం పట్టిందని ఆడపిల్లను వేపమండలతో కొట్టించినప్పుడు, నెల తిరిగేసరికి దానంతటదే తేరుకున్న మనసు తాలూకు కీర్తి కొట్టినవాడికి దక్కుతోంది. ఈ లెక్క తెలియకే మన ఊళ్లలో ఎన్ని ఒళ్లు వాతలు తేలాయో! డాక్టరు రాసే మాత్రకూ అదే తూకం వేయాలి.

డిప్ చేయలేనిది ఒకటుంది. పేరు నమోదు కానివారి గురించి అది ఏమీ చెప్పలేదు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 12 రాష్ట్రాల నుంచి 34,802 మంది పెద్దవాళ్లను ప్రశ్నించారు. ఆ పన్నెండింటిలో తెలుగు రాష్ట్రం ఒక్కటీ లేదు. మనవాళ్లు దిగులును దిగులని చెప్పరు. నీరసమంటారు, గుండె బరువంటారు, అన్నం సయించదంటారు. తెలుగువాళ్లు చేరి జవాబులు చెబితేనే తెలుగులో రాసిన ప్రశ్న సరిగ్గా ఉందో లేదో తేలుతుంది. ఏ జబ్బూ లేనివారు కూడా పోలికకు కావాలి, వారిని పిలిస్తే అనుమానించినట్టు కాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పరిశోధనలో చేరడానికి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలి, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. మధ్యలో మానేసినవారిని డిప్‌లో పడిన జట్టులోనే లెక్కిస్తారు. లేకపోతే మందు పడనివారంతా వెళ్లిపోయి, పడినవారే మిగిలి, కష్టపడి తెచ్చిన సమతూకం చెడిపోతుంది. ఇక దిగులు ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి అవునని వస్తే ఆ కాగితాన్ని పక్కన పెట్టకూడదు, ఆ రోజే సాయం అందాలి.

ఇదంతా చెప్పి, సమ్మతి పత్రం తెలుగులో ఉందా అని ఆ అమ్మాయిని అడిగాను.

"ఉంది సార్, తొమ్మిది పేజీలు. నాలుగో పేజీలో 'యాదృచ్ఛికంగా కేటాయించబడుతుంది' అని రాశారు. డిప్ అంటే అదేనా?"

అదేనని చెప్పి, ఆదివారం ఆ తొమ్మిది పేజీలూ తీసుకుని ఇంటికి రమ్మన్నాను.