ఐర్లండ్ రికార్డులన్నీ కాలిపోలేదు, దయచేసి వెతకడం ఆపకండి

ఈ వారం కూడా అదే మాట. అమెరికా నుంచి ఒక తెలుగావిడ ఫోన్ చేశారు. "మా అల్లుడి పూర్వీకులది ఐర్లండ్‌లో వ్యవసాయ కుటుంబమట, 1840ల కరువులో వలస వచ్చేశారట, ఊరేదో కనుక్కుందామంటే రికార్డులన్నీ కాలిపోయాయటగా" అన్నారు. డబ్లిన్‌లో పదకొండేళ్లుగా పాత కుటుంబాల వివరాలు వెతికి పెట్టే పని చేస్తున్నాను. ఈ "కాలిపోయాయటగా" వినని వారం లేదు.

అపోహ: 1922లో అంతా బూడిదైంది.

ఎక్కువ మందిని నష్టపరుస్తున్నది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల్లో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడుకీ మంటలకీ పోయిన మాట నిజం. 1821 నుంచి 1851 వరకు నాలుగు జనాభా లెక్కలు కొన్ని ముక్కలు తప్ప పోయాయి. ప్రొటెస్టంట్ చర్చి అయిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. కానీ 1861, 1871 లెక్కలకీ ఆ మంటలకీ సంబంధమే లేదు, వాటిని ప్రభుత్వమే అంతకు ముందెప్పుడో నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం గుజ్జుకి వెళ్లాయి.

సరే, మీకు కావలసింది పేద కాథలిక్ రైతు కుటుంబమే కదా? ఒక చర్చి కింద ఉండే ప్రాంతాన్ని పారిష్ అంటారు. ఆ కుటుంబాల బాప్తిస్మం, పెళ్లి పుస్తకాలు ఏ పారిష్‌వి ఆ పారిష్‌లోనే ఉండేవి, డబ్లిన్‌కి రానే లేదు. సుమారు 1880 దాకా ఉన్నవాటిని నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. పశ్చిమాన కొన్ని పారిష్‌లలో పుస్తకం ఆలస్యంగా మొదలవుతుంది, అది వేరే సమస్య. 1864 నుంచి జనన మరణాల నమోదు ఉంది. 1820లు, 30ల నాటి టైద్ పుస్తకాలు, అంటే చర్చికి కట్టాల్సిన పన్ను లెక్కలు, ఉన్నాయి. 1847-1864 మధ్య అచ్చయిన, పన్ను కోసం భూమికీ ఇంటికీ విలువ కట్టిన గ్రిఫిత్ వాల్యుయేషన్ ఉంది. ఇన్ని ఉండగా ఎవరో అన్న ఒక్క ముక్క పట్టుకుని జనం ఆగిపోతుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ పుకారు పుట్టించినవాళ్ల మీదే ఆ కోపం, భయపడి ఆగిపోయినవాళ్ల మీద కాదు.

బోస్టన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గుర్తొస్తారు. డెబ్భై ఎనిమిదేళ్లు. చేతిలో ఒక పేరు, "మేయో" అన్న జిల్లా పేరు, అంతే. ముప్పై ఏళ్ల కిందట ఎవరో కాలిపోయాయని చెబితే వదిలేశారట, ఇప్పుడు ఆయుష్షు చాలదేమోనని ఆవిడ టెన్షన్. జిల్లా ఒక్కటే తెలిస్తే లాభం లేదు. దేశంలో అతి చిన్న భూవిభాగాలైన టౌన్‌ల్యాండ్‌లు అరవై వేలకు పైనే ఉన్నాయి, ఒకే పేరు పదిచోట్ల ఉంటుంది. అప్పుడు నేను వలస పోయిన మనిషిని వదిలేసి, ఊళ్లోనే ఉండిపోయిన ఆయన తమ్ముణ్ని వెతికాను. 1909లో డెబ్భై నిండినవాళ్లకి పింఛను ఇవ్వడం మొదలైంది. వయసు రుజువుకి జనన పత్రం ఉండదు కదా, నమోదు మొదలైందే 1864లో. అందుకని 1841, 1851 లెక్కల్లో మా ఇల్లు చూడండి అని అర్జీ పెట్టుకునేవారు. ఆ తమ్ముడూ పెట్టాడు. అమ్మానాన్నల పేర్లు, పారిష్, టౌన్‌ల్యాండ్ అన్నీ రాశాడు, గుమాస్తా 1851 లెక్క తీసి చూసి దొరికిందని పక్కన రాశాడు. అసలు పుస్తకం కాలిపోయినా ఆ అర్జీ నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. ఇలాంటివి ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఉచితంగా చూడొచ్చు. మీ మనిషికి ఊళ్లో మిగిలిన అన్నో చెల్లో ఉంటే ముందు ఇవే చూడండి.

మిగతావి గబగబా. న్యూయార్క్‌లో వలసదారుల్ని నమోదు చేసిన ఎల్లిస్ ఐలండ్‌లో గుమాస్తాలు పేరు మార్చేశారన్నది అబద్ధం. అది తెరిచిందే 1892లో, కరువులో వెళ్లినవాళ్లు దాన్ని చూడనే లేదు. పేరు ముందు 'ఓ' ఉందా లేదా అని తగువు వద్దు, ఒకే మనిషికి రెండు రకాలుగానూ దొరుకుతుంది. ఇంటిపేరుకి వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) అంటూ అమ్మేవాళ్లకి డబ్బులివ్వకండి. డీఎన్‌ఏ పరీక్షలో వచ్చే శాతాలు మీ టౌన్‌ల్యాండ్ చెప్పవు.

అపోహ: ఇల్లే లేనప్పుడు చోటు ఎలా తెలుస్తుంది?

తెలుస్తుంది. ఆ ఇళ్లు ఎందుకు మాయమయ్యాయో ముందు చూడండి. 1841 లెక్కల్లో ఇళ్లని నాలుగు తరగతులు చేస్తే నాలుగోది ఒంటిగది మట్టి గుడిసె. కప్పు తీసేస్తే కొన్నేళ్ల వానలకే నేలలో కలిసిపోతుంది. 1847 చట్టం పావు ఎకరం, అంటే పాతిక సెంట్లకు మించి భూమి ఉన్నవాడికి ప్రభుత్వ కరువు సాయం లేదంది. తిండి కోసం భూమి వదులుకున్నారు, వదిలిన వెంటనే భూస్వాములు ఇల్లు కూల్చేశారు. కానీ గ్రిఫిత్‌లో ప్రతి కమతానికీ మ్యాప్ నంబరు, ఇంటికి చిన్న అక్షరం ఉంటాయి. ఒకే పేరువాళ్లు ఇద్దరుంటే తరచూ పక్కన తండ్రి పేరో జుట్టు రంగో రాసి ఉంటుంది. తర్వాత మార్పుల పుస్తకాల్లో రంగు సిరాలతో ఎవరి పేరు కొట్టేశారో, ఎవరు వచ్చారో కనబడుతుంది. పేరు కొట్టేసిన ఏడే మనిషి పోయిన ఏడు అనుకోకండి, గుమాస్తా కొన్నేళ్లు ఆలస్యంగా రావడం మామూలే.

ఆ బోస్టన్ పెద్దావిడ కుటుంబం గ్రిఫిత్‌లో ఉంది, మ్యాపులో చిన్న నల్ల చతురస్రం ఉంది. యాభై ఏళ్ల తర్వాతి పెద్ద మ్యాపులో ఆ చతురస్రం లేదు. ఆ భూమి ఇప్పటి రైతు దగ్గర అనుమతి అడిగి వెళ్లాం. పచ్చిక, ఒక మూల ముట్టుకుంటే మండే మొక్కల గుబురు. మనుషులూ పశువులూ ఎక్కువ కాలం మసలిన నేలలో అవి బాగా పెరుగుతాయి. వాలు మీద పాత బంగాళాదుంప గట్లు సాయంత్రపు ఎండలో గీతల్లా తేలాయి. ఇంటికి తలుపు ఏ వైపు ఉండేదో చెప్పగలనా అని ఆవిడ అడిగారు. మ్యాపులో అది ఉండదన్నాను. రైతు అంతదాకా మాట్లాడలేదు, అప్పుడు ఆవిడ ఇంటిపేరు ఏమిటని అడిగాడు. చెప్పారు. "మా తాత ఈ చేనుని ఆ పేరుతోనే పిలిచేవాడు, ఎందుకో మాకు తెలీదు" అన్నాడు.